నీళ్లడగని పువ్వు

అనంతపురంలో పూలతోట పెంచుతున్నానని ఎవరైనా అంటే, విన్నవాళ్లు ముందు అడిగేది ఏం పూలని కాదు, బోరుందా అని. ఉంటే ఎన్ని అడుగుల్లో పడింది, ఎండాకాలం ఎంతసేపు పోస్తుంది, పక్కింటివాళ్లు ఇంకా లోతుకు వేస్తే మీది ఎండిపోదా? ఈ విచారణంతా అయ్యాక, ఓపిక మిగిలితే, పూల సంగతి. తప్పేం లేదు. నైరుతి మేఘం పడమటి కనుమల మీదే బరువంతా దించుకుని మా మీదుగా ఉత్త గాలిగా పోతుంది. ఈశాన్యం వాన కోస్తాకు పెట్టి, మిగిలితే మాకు పెడుతుంది. అంతా కలిపితే ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో మాదీ ఒకటని బళ్లో చెబుతుంటే పిల్లలు కొంచెం గర్వంగా కూడా వింటారు.

కాబట్టి మా ఇళ్లలో నీళ్లకు పంపకాలుంటాయి. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకుకు, గిన్నెలు తోమినవి అరటికి, స్నానాలవి కొబ్బరికి. మల్లెకు మాత్రం మంచినీళ్లు, అదీ ఇంటావిడ దయ. ఈ పంపకంలో బిళ్ళగన్నేరుకు వాటా లేదు. దాన్ని మేం నాటనూ లేదు. బట్టలుతికే బండకూ ప్రహరీకీ మధ్య సిమెంటు పగిలిన చోట ఒక వానాకాలం రెండాకులు లేచాయి. మరుసటి ఏటికి ఇంటి ముందరి గరుసు నేలకూ పాకి, అన్నిటికన్నా ఎక్కువ పూసే మొక్క అదే అయింది. గులాబీరంగు ఐదు రేకులు, నడుమ ముదురు చుక్క. గోడవారన తెల్లది, దాని నడుమ ఎర్ర చుక్క. మాఘంలో పూస్తుంది, రోళ్లు పగిలే రోహిణి కార్తెలోనూ పూస్తుంది. మిట్టమధ్యాహ్నం ఆకులు వేలాడేసినా, పొద్దు వాలేసరికి ఏమీ జరగనట్టు నిలబడుతుంది.

దానికి నేను చేయగల హాని ఒక్కటే, నీళ్లు ఎక్కువ పోయడం. వేళ్ల దగ్గర తడి నిలిస్తే ఫైటోఫ్తోరా తెగులు పట్టి కాండం నల్లబడి కుళ్లిపోతుంది. కడియం నర్సరీల నుంచి వచ్చే బండ్ల మీద ‘వింకా’ పేరుతో డబ్బు పెట్టి కొన్న రంగురంగుల హైబ్రిడ్లు చాలా ఇళ్లలో ఇలాగే ప్రేమకు బలైపోతాయి. మురుగుకాలవ గట్టు మీది నాటు మొక్క మాత్రం ఎవరి ప్రేమా లేక హాయిగా ఉంటుంది.

ఇంటి ముందర దాన్ని ఉండనిచ్చినందుకు మా వీధి చివరి అవ్వ నన్ను గట్టిగానే మందలించింది. “ఏం నాయనా, గోరీల కాడ పూసే పువ్వు. ఇంటి ముందర పెట్టుకుంటారా ఎవురన్నా? పీకి పారెయ్యి.” అదే వీధిలో పొద్దున్నే పూలసజ్జ నిండా దాన్నే కోసుకుపోయి శివుడికి పెట్టేవాళ్లున్నారు. వాళ్లను అవ్వ ఏమీ అనదు. దేవుడి సంగతి దేవుడు చూసుకుంటాడనేమో.

అవ్వ చూసిందయితే నిజం. ఊరి బయట గోరీల మధ్య, పగిలిన గచ్చుల్లో, శిలువల మొదట్లో పూసేది ఇదే. పోయినవాళ్ల మీద ఎంత ప్రేమున్నా వాళ్ల దగ్గరికి రోజూ బిందె మోసుకుపోయేవాళ్లు ఉండరు. ఎవరో ఎప్పుడో గులాబీ నాటి ఉంటారు, బంతి నాటి ఉంటారు. అవి ఆ వేసవికే పోయి ఉంటాయి. ఇది మిగిలింది. నీళ్లు లేకపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. శ్మశానాల్లో మందలు తిరుగుతాయి. గడ్డి తింటాయి, రేగు చిగుళ్లు తింటాయి, తలుపు తీసి ఉంటే పక్కింటి మందారం కూడా తింటాయి. బిళ్ళగన్నేరును ముట్టవు. మా పక్క బీడులో మేపుకునే కాపరిని అడిగితే, “చేదు సార్ అది. ఒకసారి మూతి పెట్టిన మేక మళ్లా పెట్టదు” అన్నాడు. ఆ చేదు ఉత్త చేదు కాదు, అందులో పశువును పడేసేంత విషం ఉంది.

ఆ రోజు నుంచి బీళ్లవంక చూసే నా చూపు మారింది. అనంతపురం పీఠభూమికి తోటమాలి మనిషి కాదు, మేక. గుత్తి దారిలో పోయినా, కదిరి దారిలో పోయినా, రోడ్డు పక్కన కంటికి నిండుగా కనిపించేదంతా మేక వద్దని వదిలేసిందే. జిల్లేడు, తంగేడు, గుట్టల మీద సీతాఫలం, అక్కడక్కడా లాంటానా, ఊళ్ల దగ్గర బిళ్ళగన్నేరు. మేకకు నచ్చినవి కూడా ఈ నేలలో ఉన్నాయి. కానీ అవి జానెడు ఎత్తు దాటవు, పువ్వు దాకా రావు, వచ్చినా గింజ రాల్చేదాకా ఆగవు. అడవిపూలని మనం ముచ్చటపడేవన్నీ ప్రకృతి ఎంపికలని అనుకుంటాం. మా దగ్గర వాటిలో సగం మంద ఎంపికలు.

ఈ మొక్క పుట్టిల్లు మడగాస్కర్. దీని ప్రజాతిలో ఎనిమిది జాతులుంటే ఏడు ఆ ద్వీపానివే. 18వ శతాబ్దం మధ్యలో విత్తనాలు ఫ్రాన్స్ రాజుగారి తోటలకు చేరి, అక్కణ్ణుంచి లండన్ చెల్సీ మందుమొక్కల తోటలో ఫిలిప్ మిల్లర్ చేతికొచ్చాయి. 1759లో లిన్నేయస్ పేరు పెట్టాడు, 1837లో జార్జ్ డాన్ దాన్ని ఇప్పటి కాథరాంథస్ ప్రజాతిలోకి మార్చాడు. చలిదేశాల్లో అది అద్దాల ఇళ్లలో, కుండీల్లో, అపురూపంగా బతికింది. వేడిదేశాలకు వచ్చిన చోటల్లా కుండీ దిగి వీధిలో పడింది.

ఎనిమిదోది మనది. భారతదేశానిదీ శ్రీలంకదీ. చిన్న తెల్లపువ్వు, ఏడాదిలో బతుకు ముగించుకునే మొక్క, చేలల్లో కలుపుగా మొలుస్తుంది. దాన్ని కుండీలో పెట్టుకున్న ఇల్లు నేను చూడలేదు. పరాయి దేశపు అక్కకు ముంగిలి, సొంత ఊరి చెల్లెలికి కొడవలి. ఇందులో న్యాయం వెతక్కండి, రేకు వెడల్పులో ఉంది తేడా అంతా.

పొద్దున నడకకు వచ్చేవాళ్లలో ఒకరిద్దరు మా గోడ దగ్గర ఆగి నాలుగాకులు తుంచి నములుతారు. షుగరుకట. వద్దండీ, విషం, డాక్టరును అడిగి మందు వేసుకోండి అంటే, “మీకు తెలీదు సార్, మా బావమరిదికి తగ్గింది” అంటారు. ఈ షుగరు నమ్మకం మన ఒక్కళ్లదే కాదు. జమైకాలో కూడా ఈ ఆకు కషాయం అందుకే తాగేవారు. 1950ల మొదట్లో అక్కణ్ణుంచి కొన్ని ఆకులు కెనడాలో క్లార్క్ నోబుల్ అనే వైద్యుడికి చేరాయి. ఆయన వాటిని తమ్ముడు రాబర్ట్ నోబుల్ పరిశోధనశాలకు పంపాడు. ఎలుకలకు కషాయం పట్టి చూస్తే చక్కెర ఏమీ తగ్గలేదు. సూదిలో ఎక్కిస్తే మాత్రం ఎలుకలు అంటురోగాలతో చచ్చిపోయాయి. చూస్తే వాటి రక్తంలో తెల్లకణాలు పడిపోయి ఉన్నాయి. తెల్లకణాలను అణచే మందంటే, తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే జబ్బుకు పనికొస్తుంది కదా! రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ కలిసి 1958లో విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేశారు. అదే మొక్క నుంచి ఎలై లిల్లీ కంపెనీ తీసిన విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి వచ్చింది. పసిపిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో ఈనాటికీ అది ముఖ్యమైన మందు. మేక మూతి తిప్పుకున్న చేదూ ఈ మందూ ఒకే ఆకులోవి. మడగాస్కర్‌కు ఇందులో దక్కిందేమీ లేదు, ఆ మొక్క అప్పటికే ప్రపంచమంతా పాకి ఉంది కాబట్టి.

ఇంతటి మేలు చేసిన మొక్కను అనుమానించడం అన్యాయంలా ఉంటుంది. కానీ నేను ఉండే నేలకు ఈ విషయంలో జ్ఞాపకాలున్నాయి.

కరువు రోజులవి. 1876లో మద్రాసు రాజధానిలో అటవీ అధికారి బెడ్డోమ్, చెట్టన్నది నిలవని నేలల కోసం జమైకా నుంచి ప్రోసోపిస్ విత్తనాలు తెప్పించమని సర్కారుకు రాశాడు. మరుసటి ఏడాది అవి వచ్చాయి. మా పక్క కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటారు. అదే సర్కారు తుమ్మ. వంటచెరకు ఇచ్చింది, బొగ్గు ఇచ్చింది, కూలి దొరకని నెలల్లో పొయ్యి వెలిగించింది. కాయలు మేక తింటుంది, ఆకులు ముట్టదు. గింజను అరగించుకోలేక, తాను పోయిన చోటల్లా వేస్తుంది. అంటే తోటమాలి తనే నాటి, తనే కాపలా కాసిందన్నమాట. ఈ రోజు వంకల్లో, చెరువుల కడుపుల్లో, పెన్న ఇసుకలో అది లేని చోటు చూపించడం కష్టం. దాని నీడలో పెద్దగా ఏదీ మొలవదు.

నాగజెముడు కథ ఇంకా పాతది. 18వ శతాబ్దం చివర మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు జేమ్స్ అండర్సన్ ఎర్రరంగునిచ్చే పురుగును పెంచి స్పెయిన్ వ్యాపారాన్ని దెబ్బ తీద్దామని సైదాపేటలో దానికి మేతగా ప్రత్యేకంగా జెముడు తోటే వేయించాడు. ఆ వ్యాపారం సాగలేదు, జెముడు జాతులు మాత్రం దక్షిణాదిలో ఊరూరా కంచెలై, కంచెలు దాటి పొలాల్లో పడ్డాయి. 1926లో సిలోన్ నుంచి మరో పురుగును తెచ్చి వదిలాక గానీ తగ్గలేదు. 

ఈ రెంటికన్నా దగ్గరి దెబ్బ, మా వయసువాళ్లందరికీ గుర్తున్నది, 2000 సంవత్సరం ఖరీఫ్. చెనక్కాయ చేలు పచ్చగా ఉన్నట్టే ఉండి కాండం నల్లబడి మాడిపోయాయి. సుమారు 2.25 లక్షల హెక్టార్లు, 300 కోట్ల రూపాయలకు పైగా నష్టం. కరువు తెలిసినవాళ్లం, ఇది కరువు కాదు, వాన పడ్డ ఏడాది. కారణం టొబాకో స్ట్రీక్ వైరస్ అని శాస్త్రవేత్తలు తేల్చారు. అది ఎక్కడ కాపురముందో తెలుసా? గట్ల మీద, బాటల పక్కన వయ్యారిభామలో. ఆ కలుపుకు జబ్బు లక్షణమే కనిపించదు. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. పుప్పొడి గాలికి ఎగిరీ, తామరపురుగుల ఒంటికి అంటుకునీ చెనక్కాయ ఆకు మీద వాలితే, ఆ పురుగు గీకిన గాటులోంచి లోపలికి పోతుంది. పూత రాకముందే గట్ల మీది వయ్యారిభామను పీకండి, చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న వేయండి అని ఆ తర్వాత ఊరూరా చెప్పారు. అప్పటిదాకా దాన్ని దురద పుట్టించే పిచ్చిమొక్కగా తిట్టుకున్నామే కానీ, దాని తెల్లటి పూత చేలలో అంత పని చేస్తుందని ఎవరికీ తోచలేదు.

పుట్టిన ఊరు చూసి తీర్పు చెప్పడం నాకు ఇష్టం లేదు. అలా మొదలుపెడితే మా జిల్లా వంటింట్లో ఏదీ మిగలదు. మిరపకాయ, టమాటా, చెనక్కాయ అన్నీ సముద్రం దాటి వచ్చినవే. చింతచెట్టు కూడా ఆఫ్రికాదే. చెనక్కాయయితే ఒకప్పుడు 7 లక్షల హెక్టార్లకు పైగా పరుచుకుని కొర్రనూ సజ్జనూ ఆరికెనూ మూలకు నెట్టింది. అంత నేల ఆక్రమించిన పరదేశి మొక్క ఈ జిల్లాలో ఇంకొకటి లేదు, అయినా దాన్ని ఎవరూ ఆక్రమణ అనరు, పంట అంటారు. అనడంలో అర్థం లేకపోలేదు. చెనక్కాయ అడుగుతుంది. వాన అడుగుతుంది, విత్తనం అడుగుతుంది, ఎరువు, మందు, అప్పు అడుగుతుంది. ఒక్క ఏడాది రైతు పెట్టకపోతే అది ఉండదు. మల్లెకైనా అంతే, నా బిందె చేరినంత మేరే దాని రాజ్యం. బిళ్ళగన్నేరు నన్ను ఏమీ అడగదు. అడగనిదాని మీద నాకు పట్టూ లేదు. కరువు నేల మీద మనం ఏ గుణాన్ని మెచ్చుకుని ఇంట్లోకి రానిస్తామో, దాన్ని గోడ దాటించి గుట్ట ఎక్కించేదీ ఆ గుణమే. “పాపం, ఏమీ అడగదు” అని మురిసిపోయినప్పుడల్లా నాకు సర్కారు తుమ్మ గుర్తొస్తుంది. దాని గురించీ మొదట్లో ఇదే మాట అని ఉంటారు.

అలాగని బిళ్ళగన్నేరును సర్కారు తుమ్మ పక్కన నిలబెట్టడం అతిశయోక్తి. ఇది మోకాలెత్తు మొక్క. నిండుగా గడ్డి ఉన్నచోట దీని మొలక తల ఎత్తలేదు. తొక్కి, మేపి, తవ్వి, ఖాళీ చేసిన నేలే దీనికి కావాలి. మా దగ్గర అలాంటి నేలకు కొరత లేకపోవడం దాని తప్పు కాదు. ఖాళీ చేయడం మానేస్తే ఏమవుతుందో చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే సంస్థవాళ్లు 1990ల నుంచి చూపిస్తూనే ఉన్నారు. బోడిగుట్టలను నిప్పు నుంచీ మందల నుంచీ కాపాడితే, చచ్చిపోయాయనుకున్న మోడుల నుంచి పాత చెట్లు మళ్లీ లేచాయి. అలాంటి చోట్లకు పోయి బిళ్ళగన్నేరు ఎక్కువేమీ సాధించలేదు.

అందుకని నాది ఒక నడిమి ఒప్పందం. మొక్కను పీకను, కాయను కోస్తాను. పువ్వు రాలాక దాని చోట జంటగా సన్నటి పచ్చకాయలు నిటారుగా వస్తాయి, మీసాల్లా. అవి పసుపు తిరిగి ఒక పక్కన చీలితే నల్లటి, నూకలకన్నా చిన్న గింజలు రాలతాయి. వాటిని చీమలు మోస్తాయి, వాన నీరు కాలవలోకి లాక్కుపోతుంది. మా కాలవ పోయి కలిసేది వంకలో. వంక పోయేది చెరువుకు. కాబట్టి పసుపు తిరగకముందే కోసి పొయ్యిలో వేయాలి. అన్నీ దొరకవు. గోడ అవతల మొలిచినవి చూస్తే నా పట్టు ఎంతదో తెలుస్తూనే ఉంటుంది. ఎండాకాలంలో ఈ పని చేస్తుంటే, నీళ్లడగని మొక్కకు కూడా ఇంత చాకిరీ ఉందా అనిపిస్తుంది, ఒక్కోసారి మల్లే నయమనిపిస్తుంది కూడా.

ఇంకోటి చూడాలి. కొన్నిసార్లు పువ్వు గులాబీరంగు మాని ఆకుపచ్చగా, రేకులు ఆకుల్లా చిట్లిపోయి వస్తుంది. చూడ్డానికి వింతగా, కొందరికి అందంగా కూడా ఉంటుంది. అది ఫైటోప్లాస్మా జబ్బు. నువ్వు చేలోనూ వంగతోటలోనూ వెర్రి తెగులు అని రైతులు తలపట్టుకునేది ఈ రకం జబ్బే. దీపపు పురుగులు దాన్ని ఒక మొక్క నుంచి మరో మొక్కకు మోస్తాయి. మా గోడకు నాలుగడుగుల దూరంలో ఒకాయన వంగ వేస్తాడు. అలాంటి మొక్క కనిపిస్తే మాత్రం ఆలోచన లేదు, వేళ్లతో సహా పీకి తగలబెడతాను.

మొక్కలు అడిగేవాళ్లకు ఇస్తాను, ఊరి నడుమ ఇళ్లవాళ్లకు, మేడ మీద కుండీలవాళ్లకు. గుట్ట పక్కన కొత్తగా ప్లాట్లు వేసిన చోట ఇల్లు కట్టుకున్న మిత్రుడికి ఇవ్వలేదు. కొంచెం కోపం వచ్చింది ఆయనకు. నర్సరీలో కొనుక్కున్నాడని తర్వాత తెలిసింది.

మొన్న వానలకు ముందు ఇంజనీరింగు చదివే కుర్రాళ్లు కొందరు గేటు దగ్గరికి వచ్చారు. విత్తనబంతులు చేసి గుట్ట మీద విసురుతారట. “సార్, మీ పూలగింజలు ఇస్తారా? నీళ్లు పొయ్యకపోయినా బతుకుతాయంట కదా.” బతుకుతాయి, అందుకే ఇవ్వను అన్నాను. దాచిపెట్టిన తంగేడు గింజలు ఒక డబ్బాడు తెచ్చి ఇచ్చాను. వేడినీళ్లలో నానబెట్టి మరీ చుట్టమన్నాను. అందులో ఒకడు పల్లెటూరివాడు, తేలిగ్గా వదిలే రకం కాదు.

“తంగేడును కూడా మేక తినదు గదా సార్. తేడా ఏముంది?”

మేక తినదు, తెల్లరెక్కల సీతాకోకచిలుక పిల్లలు తింటాయి, వాటికి తంగేడు జాతి ఆకే ముఖ్యమైన ఆహారం అని చెప్పాను. తోలు పదును పెట్టడానికి ఒకప్పుడు దీని పట్టే వాడేవారని కూడా చెప్పాను. వాడు విని, బండ పక్కన వంగి, బిళ్ళగన్నేరు ఆకు ఒకటి తిప్పి చూపించాడు. బొటనవేలంత పచ్చ పురుగు, తల వెనక రెండు నీలి కళ్లచుక్కలు. గన్నేరు చెట్ల మీద ఉండే చిమ్మెట పిల్ల, దీన్ని కూడా తింటుంది.

“మరి ఇదేంది సార్?”

ఒకటి తింటుంది, నిజమే అన్నాను. తంగేడుకు ఎన్ని నోళ్లున్నాయో, దీనికి ఎన్ని ఉన్నాయో లెక్క పెట్టి చెప్పు, అప్పుడు గింజలిస్తా అన్నాను. వాడు నవ్వలేదు. ఫోను తీసి పురుగును నాలుగు పక్కలా ఫోటో తీసుకుని, వచ్చే ఆదివారం మళ్లీ వస్తానని తంగేడు డబ్బా చంకన పెట్టుకుని పోయాడు.